సున్నం పూసుకున్న ఉడుము

నా ఆటోకి ఇంకా కొత్తవాసన పోని కాలంలో, ఎనిమిదితోనే చదువు ఆపేశానని అందరూ నా మీద జాలిపడేవారు. ఎనిమిదేళ్ళు నన్ను భరించిన మాస్టార్ల మీద మాత్రం ఎవరూ జాలిపడలేదు. తెనాలి స్టేషన్ దగ్గర ఆటో తోలుతూ, వచ్చేపోయేవాళ్ళ మీద జోకులేస్తూ బతికేసేవాణ్ణి. (ఇప్పుడూ తోలేది అదే, వాగేది అదే.) బాపట్లలో మొక్కల పాఠాలు చెప్పి రిటైరైన ఒక మేడంగారు ఆదివారాలు రైలు దిగి నా ఆటో ఎక్కేవారు. రేపల్లె వైపు కాలువ మీద పాత లాకు గోడ, ఆ ఇటుకల మీద పచ్చటి పాచి, అదీ మా యాత్ర. ఆ రకం ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా మిగల్లేదట. అదే గోడ బొరియలో బారెడు ఉడుము ఒకటి కాపురముండేది. రెంటిలో ఏది గొప్పదండీ అని గెలికితే, రెండూ అంతరించిపోయేవేననీ, ఉడుముని కూరకీ తోలుకీ తెలిసే చంపుతారనీ, పాచిని మాత్రం ఎవరూ చంపరు, శుభ్రం చేస్తారంతేననీ చెప్పారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ఇంతలో ఆ గోడకి సిమెంటు కొడతారని తెలిసింది. పాచిని కాపాడండి అంటే ఏ ఆఫీసులోనూ ఎవరూ తల ఎత్తలేదు. ఉడుము ఉందని పిలిస్తే వస్తారు, వచ్చాక పాచినీ చూపిద్దాం అనుకున్నాం. నిజంగానే అటవీశాఖవాళ్ళు వస్తామన్నారు. ఆఫీసర్లు వస్తున్నారంటే మా వైపు ఊళ్ళు ఏం చేస్తాయో మా ఇద్దరికీ తట్టలేదు. మేం వెళ్ళేసరికి దారంతా బ్లీచింగు, గోడంతా తెలుపు.

"పాచి పట్టి అసహ్యంగా ఉందండి. ఇనపబ్రష్షుతో గీకించి, సున్నం రెండు కోట్లు వేయించానండి" అన్నారు సర్పంచిగారు, మెచ్చుకోలు కోసం చూస్తూ.

మేడంగారు భూతద్దం తీసి గోడంతా వెతికారు. ఆలోగా ఉడుము వీపంతా సున్నంతో బయటికొస్తే ఊరు ఊరంతా నవ్వింది, నాతో సహా. ఆఫీసర్లు దాన్ని గోనెసంచిలో వేసి, ఫోటోలు దిగి, అడవిలో వదులుతామని పట్టుకుపోయారు.

తిరుగుదారిలో చెరుకుపల్లి దాటినా ఆవిడ ఆ భూతద్దం తుడుస్తూనే ఉన్నారు. నాకేమో నోరు ఊరుకోదు.

"ఈసారి కాళ్ళున్నదాన్ని చూసుకోండి మేడంగారూ, గీకేవాళ్ళొస్తే పారిపోతుంది" అన్నాను. (దాన్ని ఓదార్పనుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, పూర్తిగా రాదు.)

ఆవిడ అద్దంలోంచి నన్ను చూశారు.

"పారిపోగలిగేదానికి నేనెందుకయ్యా?"