సముద్రం మిగిలిపోయిన నడక

మా మేనత్త పోయిందని మంగళవారం నాన్న ఫోన్ చేశాడు. మిరపచేలో కలుపు తీస్తూ, కళ్ళు తిరుగుతున్నాయని గట్టు మీద కూర్చుందట. మళ్ళీ లేవలేదు. మంగళగిరిలో మా ఆఫీసు మెట్ల మీద నిలబడి విన్నాను. ముందు ఆమె పాదాలే గుర్తొచ్చాయి.

అత్తకు ఒకచోట కాలు నిలిచేది కాదు. చేలో పని లేకపోతే ఒక చీర, కాసిన్ని అటుకులు గుడ్డలో మూటగట్టి, వీపున వేసుకుని నడిచి వెళ్ళిపోయేది. ఎక్కడికని అడిగితే, "వెళ్ళొచ్చాక చెప్తాలే" అనేది.

మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే. ఏదైనా రాసుకుంటేనే నాకు ధైర్యం. రెండేళ్ళ కిందట, దర్శి పక్కనున్న మా ఊరి నుంచి సముద్రం దాకా అత్తతో నడవాలని గంటగంటకీ పట్టిక వేశాను. నా సంచి చూసి నవ్వింది.

"ఏమే, కాపరానికి పోతున్నావా? మెడ వంగినోళ్ళకి దారి కనపడదే."

సగం సామాను తీయించింది. ఇంకా తేలిక చేద్దామని దుప్పటి నేనే తీసేసి, కొట్టంలోని ఖాళీ గోతం మడిచి పెట్టుకున్నాను. అంతకుముందేడు అందులో మిరపకాయలు తొక్కిన సంగతి మరిచిపోయాను. మొదటిరోజు మధ్యాహ్నం చెట్టుకింద దానిమీద బోర్లా పడుకున్నాను. కాసేపటికే మొహం భగ్గుమంది. కళ్ళు తెరవలేకపోయాను.

"మిరప రైతు కూతురివి, గోతం చూసుకోవద్దటే! చదువెక్కువై ఘాటు కూడా తెలియట్లేదు" అని తిడుతూనే, ఎవరింట్లోనో మజ్జిగ అడిగి తెచ్చి మొహమంతా రాసింది. ఆ పూటంతా అక్కడే. మూడోరోజు కొండపి చేరేసరికి నా సెలవు అయిపోయింది. వెనక్కి వెళ్ళే బస్సు ఆపాను. అత్త మూట చంకన పెట్టుకుని నా వెనకే ఎక్కింది.

తర్వాత మిగిలిన దారి నడుద్దామని అత్త ఎప్పుడు అడిగినా, "ఈసారి సరిగ్గా ప్లాన్ చేద్దాం అత్తా" అనేదాన్ని. బూట్లు, సెలవు, ఎండ, ఏదో ఒకటి.

"నువ్వు రాసుకునేలోపు నేను చేరి వస్తా" అనేది. కానీ వెళ్ళలేదు. ఊళ్ళన్నీ ఒక్కతే తిరిగిన మనిషి ఆ ఒక్క దారినీ నాకోసం అట్టిపెట్టింది. ఆమె పోయిన దగ్గర్నుంచీ నేను కూర్చున్నచోట కూర్చోలేకపోయాను.

ఊళ్ళో అత్త చిన్నదినం అయిన మర్నాడు చెప్పులేసుకుంటుంటే, "మైలలో ఎక్కడికే?" అంది అమ్మ.

"పోనియ్యవే" అన్నాడు నాన్న.

కొండపిలో బస్సు దిగాను. నీళ్ళ సీసా, ఒక తువ్వాలు, అంతే. ఊరు దాటాక దారి రెండుగా చీలింది. ఫోన్ తీయబోయి ఆగాను. పత్తి తీస్తున్న ఒకామెను పిలిచాను.

"అమ్మా, సముద్రానికి ఎటు?"

"నడిచేనా? ఒక్కదానివేనా?"

"ఆఁ."

నన్ను కిందనుంచి పైదాకా చూసి, పిడికిట్లో పత్తితోనే చెయ్యెత్తి తూర్పు చూపించింది. ఆమె వేళ్ళ సందుల్లోంచి ఒక దూదిపింజ జారి, గాలికి లేచి, నాకంటే ముందే ఆ దారిన పోయింది.