విరిచిన పసుపుకొమ్ము రంగు

ఉదయం ఆరుంపావుకు జూబ్లీ బస్టాండులో నిర్మల్ బస్సెక్కి ఆర్మూరుకు టికెట్టు తీసుకున్నాను. పని ఒక గోడను చూడడం. ముందురోజు పెయింటర్ యూసుఫ్ ఫోన్ చేశాడు. “సార్, రేపు పదకొండుకు ఇంజనీరు మేడం వస్తది. పాసైతే బొమ్మ ఉంటది. లేకుంటే సున్నమేస్తరట. మీరుంటే జర ధైర్యం.”

యూసుఫ్ చిన్నప్పుడు నా దగ్గర డ్రాయింగు నేర్చుకున్నాడు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసే పని పోయాక చాలా ఏళ్లు ఇళ్లకు రంగులేసి బతికాడు. ఊరి అందం కోసం మున్సిపాలిటీ కొంత సొమ్ము కేటాయించి, మార్కెట్ రోడ్డు గోడ మీద పసుపు పంట బొమ్మకు టెండరు పిలిచాక మళ్లీ కుంచె పట్టాడు. ముందు కాగితం మీద బొమ్మ ఇవ్వాలి, దాన్ని కౌన్సిల్ ఒప్పుకోవాలి. గోడ మీదా అదే ఉందని ఇంజనీరు సంతకం పెట్టాలి. అతను గీసిన కాగితానికి రంగులద్దింది మాత్రం నేనే, మా వంటింటి బల్ల మీద.

తూప్రాన్ దాటినా పొగమంచు వీడలేదు. చెట్లు నీళ్లలో తేలుతున్నట్టు వెనక్కి పోతున్నాయి. నిద్రా మెలకువా కాని ఆ స్థితి నాకు మహా ఇష్టం, ఎవరైనా కదిపితే చిరాకు. ఎనిమిదిన్నరకు కామారెడ్డిలో బస్సు ఆగింది. ఇడ్లీ తిని, టీ తాగి వచ్చేసరికి పక్క సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేరు రాజవ్వ, నందిపేట్‌లో పసుపు రైతు. బిడ్డకు పసుపు ఇచ్చి ఊరికి పోతోందట. సంచిలో మిగిలిన కొమ్ములు చూపిస్తే, “మంచి రంగు” అన్నాను మర్యాదకు.

“పైన సూసి ఏం జెప్తవు సారూ? ఇరిస్తే గద ఎరుకయ్యేది!” అని నవ్వింది.

పదింటికి ఆర్మూరులో దిగాం. గుట్ట మీది బండలు మంచులోంచి ఒక్కొక్కటే బయటికి వస్తున్నాయి. గాలినిండా పసుపు వాసన. నందిపేట్ ఆటోలు ఆగేది ఆ గోడ ముందే కాబట్టి రాజవ్వ కూడా నాతోనే నడిచింది.

గోడంతా పొలం. పసుపు ఉడికే ఆవిరి, ఆ ఆవిరిలో కలిసిపోతున్న మనుషులు. నడుమ నిలువెత్తు కొమ్ము రెండుగా విరిగి ఉంది. లోపల నిప్పుకణిక రంగు. చాలాసేపు నాకు ఒంటిమీద ధ్యాస లేదు. శిష్యుడు నన్ను మించాడని పొంగిపోయాను, కొంచెం కుళ్లుకున్నాను కూడా.

పదకొండుకు ఇంజనీరు మేడం వచ్చింది. చిన్న వయసే. టేపుతో గోడ కొలిచి, చేతిలోని కాగితాన్నీ గోడనూ మార్చి మార్చి చూసింది. “యూసుఫ్ భాయ్, కాగితం మీద కొమ్ము లోపల పసుపుపచ్చ ఉన్నది, గీడ ఎర్రగున్నది. ఆడిట్ల నన్నడుగుతరు. మార్చాలె, లేకుంటే సంతకం పెట్ట.”

“రంగు మారిస్తే గది మా ఊరి పసుపే కాదు మేడం,” అన్నాడు యూసుఫ్.

ఆ పసుపుపచ్చ నాది. వంటింట్లో పొడి డబ్బా ఎదురుగా పెట్టుకుని, పొడిని చూసి కొమ్ముకు రంగేసిన మహానుభావుణ్ణి నేను. సిగ్గుతో చెప్పేశాను. “తప్పు నాదమ్మా. కొమ్ము లోపల ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు.”

“ఒప్పుకున్న కాగితమే నాకు లెక్క సార్,” అంది ఆమె మెల్లగా.

మనుషులు నిండితే గానీ కదలని ఆటోలో కూర్చుని ఇదంతా వింటున్న రాజవ్వ అప్పుడు దిగి వచ్చింది. సంచిలోంచి కొమ్ము తీసి టప్పున విరిచి, గోడ మీది రంగుకు ఆనించింది. రెండూ ఒకటే.

“మార్కెట్ల సేటు గిట్లనే ఇరిచి సూస్తడు బిడ్డా. గీ రంగుంటెనే ధర. పాలిపోయుంటే పక్కకు తోస్తడు. మీరు గోడ మీద గసొంటిది ఏస్తే, మా పంటను మీరే పక్కకు తోసినట్టు.”

మేడం ఆ ముక్కల్లో ఒకటి చేతిలోకి తీసుకుంది. తర్వాత రంగు ఎందుకు మారిందో కాగితం వెనుక రాసి, సంతకం పెట్టి, ముక్కను కవరులో వేసి ఫైలుకు పిన్ను చేసింది. “ఎవరన్నా అడిగితే గిదే సూపిస్త,” అంది. రెండో ముక్కను రాజవ్వ నా చేతిలో పెట్టి ఆటో ఎక్కింది.

పాసైతేనే పేరు రాయాలని యూసుఫ్ గోడ మూలన చోటు వదిలిపెట్టాడు. సన్న కుంచెతో తన పేరు రాసి, “మీది గూడ రాయాల్నా సార్?” అని అడిగాడు. వద్దన్నాను.

వాళ్లింట్లో పప్పన్నం తిని రెండున్నరకు తిరుగు బస్సెక్కాను. ఈ గోడ చూడాలనుకునేవారు మంచు వీడకముందే చేరుకోండి, గోడ మీది ఆవిరి అప్పుడే నిజం ఆవిరిలా కనిపిస్తుంది. మేడ్చల్ దాకా ఆ ముక్క నా పిడికిట్లోనే ఉంది. యూసుఫ్‌కు పసుపు ఏ రంగో నేర్పింది నేనే. నేను నేర్పింది పక్కనపెట్టి తన కళ్లను నమ్మాడు. పాఠం చెప్పి నేను ఇంత సంతోషపడ్డది ఇంకెప్పుడూ లేదు.