అమ్మ వేషం కట్టిన దూది మామ

ఆదోని నుంచి తొలి బస్సులో దిగిన మనిషి ఎమ్మిగనూరులో మా బడి వాకిట నిలబడి చెప్పాడు. "మీ దూది మామ తెల్లారుజామున పోయినాడమ్మా. సందేళ మన్ను చేస్తారంట." చేతిలో సుద్దముక్క ఉందని కూడా చూసుకోకుండా తిరుగు బస్సెక్కాను.

పాఠకులకు ఆయన తెలియదు. ఆదోనిలో మా పక్కిల్లు. దూది ఏకడం వృత్తి. ఐదు పూటలా నమాజు తప్పని మనిషి. మా అమ్మను సెల్లెమ్మా అని పిలుస్తాడు గనుక మాకు మామ. కనుబొమల మీద ఎప్పుడూ దూది నలుసులుండేవి, నవ్వితే రాలిపడేవి. తెల్లవాళ్ల కాలంలో, మేం బళ్లారి జిల్లా వాళ్లంగా ఉన్నప్పుడు, మా ఊరి ఊరేగింపుల్లో భరతమాత వేషం కట్టింది ఆయనే.

అప్పట్లో జెండా పట్టుకుని సభ పెడితే లాఠీలు విరిగేవి. భజనలన్నా వేషాలన్నా పోలీసులు కొంచెం చూసీచూడనట్టు పోయేవారు. అందుకని పెద్దలు ఎద్దులబండి మీద ఒక అమ్మను నిలబెట్టాలనుకున్నారు. ఆడవాళ్లను బండెక్కించరు. మగవాళ్లేమో స్వరాజ్యం కోసం ప్రాణాలిస్తామన్నారు గానీ మీసం ఇస్తామన్నవాడు ఒక్కడూ లేడు. మామ ఇచ్చాడు. మా అమ్మ పెళ్లిచీర కట్టి, అట్ట కిరీటం పెట్టుకుని, చెయ్యెత్తి నిలబడితే బండి ఎంత కుదిపినా ఆ చెయ్యి దిగేది కాదు. రోజంతా విల్లు పట్టి దూది ఏకిన చెయ్యి అది.

ఒకసారి పెద్దకడుబూరు నుంచి పత్తి బండ్ల వెంట వచ్చిన కూలీ ఆడవాళ్లు ఆయన్ను నిజంగానే గ్రామదేవత అనుకున్నారు. పాదాలకు పసుపు పూశారు. ఒకామె జ్వరంతో ఉన్న బిడ్డను బండి మీద పడుకోబెట్టి అడిగింది.

"యా ఊరి అమ్మవు తల్లీ నువ్వు? నీ గుడి యాడుంది?"

వేషంలో ఉండగా మాట్లాడకూడదని మామ నియమం. ఆ రోజు తప్పాడు. "అన్ని ఊర్లూ నావేనమ్మా. గుడి ఇంకా కట్టలేదు."

ఆమె బిడ్డను భుజానికెత్తుకుని, "అట్లయితే మా ఊరికీ రా" అంది.

దేశం అనే మాట ఆమెకు అంతకుముందు ఎవరూ చెప్పి ఉండరు. ఎన్ని ఉపన్యాసాలిచ్చినా కాని పని ఒక చీరతో అయిందని చాలాకాలం మురిసిపోయాను. ఇప్పుడు అంత మురిపెం లేదు. దేశాన్ని అమ్మవారిని చేశాక, ఆ అమ్మవారిని ఎవరు తాకాలి, ఎవరు తాకకూడదు అనే పంచాయితీ కూడా వెనకే వస్తుందని అప్పుడు మాకెవరికీ తోచలేదు.

స్వరాజ్యం వచ్చిన ఏడు పెద్ద ఊరేగింపు పెట్టారు. మామ ముందురోజే మీసం తీయించుకుని చీర కోసం వచ్చాడు. ఆయన ఇంకా అరుగు మీద ఉండగానే ఊరేగింపు పెద్ద ఒకాయన ఒక ఆడపిల్లను వెంటబెట్టుకుని వచ్చాడు. "ఈసారి మనోళ్ల పిల్లను నిలబెడతాండాము. అమ్మవారు గదప్పా, ఆచారమని ఒకటుంటాది" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. మామ వాళ్ల పెద్దలు అప్పటికే, ఈ బొమ్మల వేషాలు మనకెందుకని ఆయన్ను కోప్పడి ఉన్నారు. ఇటువాళ్లూ అటువాళ్లూ ఆ ఒక్క విషయంలో కలిశారు.

మా అమ్మకు ఒళ్లు మండిపోయింది. "నా చీర నేనీను" అంది.

"ఇయ్యి సెల్లెమ్మా. చీరేం తప్పు చేసింది" అన్నాడు మామ. పిన్నీసులు ఆ పిల్ల చేతిలో పెట్టి, "బండి గుంతలో దిగేటప్పుడు మోకాళ్లు వదులు చెయ్యి బిడ్డా. బిగదీస్తే కిరీటం పడిపోతాది" అని చెప్పాడు.

మర్నాడు మీసం లేని మొహంతో రోడ్డు పక్కన నిలబడి అందరితో పాటు జై కొట్టాడు. ఇంటికొచ్చాక అమ్మతో ఒక్కమాటే అన్నాడు.

"తెల్లోడు ఉన్నన్ని దినాలు అమ్మనే సెల్లెమ్మా. వాడు పోయినంక సాయిబునైతిని."

ఆ తర్వాత ఆయన మీసం పెంచలేదు. జనం ఎగతాళి చేస్తే దూది దుమ్ము అంటుకుంటాదని సాకు చెప్పేవాడు. ఎందుకు పెంచలేదో మా అమ్మకు తెలుసు. ఎవరైనా వచ్చి, ఈ ఏడు నువ్వే నిలబడు అంటారని ఆయన ఆశ. ఎవరూ రాలేదు. దగ్గు మాత్రం వచ్చింది. అది తలుచుకుంటే నాకు ఈ ఊరి మీద కోపం ఇప్పటికీ చల్లారదు.

నేను చేరేసరికి స్నానం చేయించి తెల్లబట్ట చుట్టారు. మొహం చూపించారు. మంచంలో లేవలేని మనిషి, అయినా పైపెదవి నున్నగా ఉంది. మంగలిని మొన్ననే పిలిపించుకున్నాడని ఆయన భార్య చెప్పింది. పంద్రాగస్టు దగ్గర పడింది కదా.

జనాజా లేచింది. ఒకప్పుడు బండి నడిచిన వీధే అది. మలుపులో గుంత కూడా ఇంకా అట్లాగే ఉంది, స్వరాజ్యం వచ్చినా ఎవరూ పూడ్చలేదు. మా అమ్మ గడప దిగి, మోసేవాళ్లకు వినపడేటట్టు చెప్పింది.

"గుంత వస్తాంది. మోకాళ్లు వదులు చెయ్యండప్పా."

కుదుపు లేకుండా దాటించారు.