కోడిగదిలో ఆరబెట్టిన పంట

ఒక గంజాయి మొక్క, ఒక కత్తెర, నడుం వంచి పని చేయడం ఇష్టంలేని ఒక ఇరవై రెండేళ్ళ వెధవ. ఈ మూడూ ఒకే గదిలో చేరితే ఎంతటి ఉపద్రవం పుడుతుందో నాకు తెలిసినంతగా బస్తరు మొత్తంలో మరొకరికి తెలియదు. ఆ వెధవను నేనే. కాబట్టి మీరు మొహమాటపడకుండా నవ్వుకోవచ్చు. నేనూ ఇప్పుడు నవ్వుతున్నాను. అప్పుడు మాత్రం నవ్వలేదు.

ముందు ఆ ఇంట్లో నా హోదా ఏమిటో చెప్పాలి. మాది తర్లగూడ. ఆవపల్లికి అవతల, అక్కడి నుంచి సైకిలు మీద గంటన్నర దూరంలో మా మేనమామ ముత్తయ్య ఇల్లు. నేను అక్కడికి ఇల్లుటం వెళ్ళాను. అంటే, మామ కూతురు కమలను చేసుకోవాలంటే ముందు మూడేళ్ళు ఆ ఇంట్లో చాకిరీ చేయాలి. దుక్కి దున్నాలి, కట్టెలు కొట్టాలి, ఇప్పపువ్వు ఏరాలి, బీడీలు చుట్టే తునికాకు కోయాలి. గడువు నిండాక మామ తృప్తి పడితే పెళ్ళి. ఆ తరువాత అక్కడే ఉండాలంటే ఉండొచ్చు, లేదంటే పిల్లను తీసుకుని మన ఊరు పోవచ్చు. మామ తృప్తి పడకపోతే మాత్రం ఒంటరిగా పోవాలి. నాకు అప్పటికి రెండేళ్ళ పదకొండు నెలలు నిండాయి. మిగిలిందల్లా ఒక్క నెల. ఆ ఒక్క నెల చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు.

కూర్చోలేదు. పెరటి వెనక కందిచేలో, రెండు సాళ్ళ నడుమ, ఎవరి కంటా పడకుండా నేనొక గంజాయి మొక్కను పెంచాను. తాగడానికి కాదు, అమ్మడానికీ కాదు. జాతరలో ఎవడో నాలుగు గింజలు నా చేతిలో పోసి, "నీతోని గాదు లే" అన్నాడు. నాతో కాదన్న పనులన్నీ చేసి చూపించడం తప్ప అప్పట్లో నాకు వేరే ఆశయం ఉండేది కాదు. అది నేరమని తెలుసు. దొరికితే జైలని కూడా తెలుసు. తెలివి ఒక్కటే తక్కువ. మొలిచిన నాలుగింటిలో మూడింటిని మేక తినేసింది. నాలుగోది నా ఎత్తు పెరిగి, కందిచెట్ల మధ్య తానూ ఒక కందిచెట్టే అన్నట్టు అమాయకంగా నిలబడింది.

వరికోతలు ముగిశాక నా కోత కూడా ముగిసింది. ఇక ఆరబెట్టాలి. మా వైపు వాళ్ళకు ఆకు ఎండబెట్టడం అంటే తెలిసింది తునికాకే. యాభై ఆకులకొక కట్ట కట్టి, ఇసుక మీద వరసగా పేర్చి, మండే ఎండలో వదిలేస్తాం. ఏ ఆకైనా ఆకే కదా అనుకున్నాను. నేను కూడా పెరట్లో ఇసుక పోసి, కొమ్మలు విడదీసి, చిన్న చిన్న కట్టలు కట్టి, వరసలు వంకర పోకుండా పేర్చాను. ఆ పంట కొనడానికి ఏ సర్కారు మున్షీ వస్తాడనుకున్నానో ఆ దేవుడికే తెలియాలి.

కమల నీళ్ళబిందెతో వచ్చి ఆగింది.

"ఏంది బావా గిది? తునికాకు కాలం గాదు గదా."

"మందాకు."

"దేనికి మందు?"

"మోకాళ్ళ నొప్పికి."

"ఎవలకున్నయి మోకాళ్ళ నొప్పులు?"

"ముందుముందు వస్తయి గదా."

ఆమె బిందె దించి, ఒక ఆకు తుంచి, నలిపి వాసన చూసింది. తరువాత నన్ను చూసింది.

"మా నాయినకు తెలిస్తె నిన్ను గూడ గీ ఇసుకల బోర్ల పండవెడ్తడు. అయినా ఎండల పరిచినవేంది? పొగాకు ఎట్ల ఆరబెడ్తరో సూడలేదా? నీడల, గాలి తగిలేటట్టు తలకిందులుగ కడ్తరు. గీ ఎండకు పొద్దుగూకెవరకు పిండైతది."

"గంజాయి సంగతి నీకెట్ల తెల్సు?"

"నేను గంజాయి అన్ననా? నువ్వు మందాకన్నవ్. నేను మందాకు సంగతి చెప్తున్న."

కమలను చేసుకోవాలని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం. తిట్టేటప్పుడు కూడా దారి చూపించే తిడుతుంది.

నీడ, గాలి, ఎవరూ రాని చోటు. మామ ఇంట్లో అలాంటి గది ఒకటే ఉంది. అందులో అప్పటికే ఒకరు కాపురం ఉంటున్నారు. మామ పందెంపుంజు కాకిడేగ.

మామకు పొలం, అడవి, అత్త కలిపి ఒక ఎత్తయితే, ఆ పుంజు ఒక్కటే ఒక ఎత్తు. ఎందుకంటే ఆవపల్లి సంతలో ఉసూరు ఊరి కన్నయ్య అనే పెద్దమనిషి చేతిలో మామ వరసగా మూడు పందేలు ఓడిపోయాడు. మా దగ్గర ఓడినవాడి పుంజు గెలిచినవాడి కుండలో ఉడుకుతుంది. మూడుసార్లు కడుపునిండా తిన్న కన్నయ్య, సంత నడిబొడ్డున నిలబడి, "ముత్తయ్యా, వచ్చేసారి జర బలిసినదాన్ని పట్కరా. మా ఇంటికి సుట్టాలొస్తున్నరు," అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి మామ అరుగు మీద నిలబడి అందరూ వినేలా ఒట్టు పెట్టుకున్నాడు. ఈసారి కూడా ఓడితే ఇక జన్మలో పుంజును పట్టడట. ఆ పుంజును మేపినవాడిని ఇంట్లో ఉంచడట.

పుంజును మేపేది నేనే.

పందేనికి ముందు పుంజును పది రోజులు చీకటి గదిలో ఒంటరిగా పెడతారు. పెట్ట కనబడకూడదు, మరో పుంజు కూత వినబడకూడదు. అలా ఉంచితే దానికి లోకం మీదే కసి పుట్టి, బరిలో వదలగానే కనబడిన దాన్నల్లా చీల్చేస్తుంది. మేపే చేయి ఒక్కటే ఉండాలని నియమం. కాబట్టి ఆ గదిలోకి మామ కూడా అడుగు పెట్టడు. పైన చిన్న కిటికీ, చల్లటి గాలి. ఇంతకంటే మంచి గది కలెక్టరు బంగళాలో కూడా దొరకదు. వాసాలకు తాడు కట్టి కొమ్మలన్నీ తలకిందులుగా వేలాడదీశాను. పైన నా పంట, కింద మామ పరువు.

అయిదో రోజుకు కొమ్మలు వడలి పెళుసెక్కాయి. ఇక పూగుత్తులు ఉంచి, చుట్టూ ఉన్న ఆకునంతా కత్తిరించేయాలి. అత్త రవికలు కుట్టే కత్తెర ఎత్తుకొచ్చి కూర్చున్నాను. ఆ పని ఎలా ఉంటుందంటే, ఎలుగుబంటికి క్షవరం చేసినట్టుంటుంది. ఎంత తీసినా ఇంకా ఉంటుంది. జిగురుకు కత్తెర తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. పనసపండు కోసినవాడిలా నా వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ముక్కు దురద పెడితే గోక్కుని, ఒక పూటంతా ముక్కు మీద ఆకుతో తిరిగాను. గంట గడిచేసరికి నా చుట్టూ ఆకు చెత్త, గింజలు కలిసి ఒక గడ్డివామి.

పాఠకమహాశయా, సరిగ్గా ఇక్కడ నేను లేచి ఆ చెత్తను ఎత్తి పారేయాలి. లేవలేదు. కాలితో పుంజు వైపు తోశాను. అది తల వాల్చి చూసి, ఒక గింజ ఏరుకుంది. ఇంకోటి ఏరుకుంది. తరువాత ఆకు పీకింది.

"తిను బిడ్డా, ఆకుకూర ఒంటికి మంచిది," అన్నాను.

అలా నేను రోజూ ఒక గంట కత్తిరించడం, అది రోజూ ఆ గదిని శుభ్రం చేయడం. నా పనితనం నాకే ముచ్చటేసింది.

ఆకు తిన్న రెండో రోజు నుంచి పుంజు కూయడం మానేసింది. మూడో రోజు సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళ ఒక్క కూత కూసి, ఆ శబ్దం ఎక్కడి నుంచి వచ్చిందా అని అటూ ఇటూ చూసింది. నాలుగో రోజు ఒంటికాలి మీద నిలబడి పూటంతా గోడను పరిశీలించింది. అంతకుముందు చేయి పెడితే రక్తం కళ్ళజూసే పుంజు, ఇప్పుడు నా అరచేతిలో తల ఆనించి కళ్ళు మూసుకుంది.

మామ తలుపు అవతలి నుంచి అడిగాడు.

"అల్లుడా, కోడి సప్పుడు చేస్తలేదేందిరా?"

"కోపం లోపల్నే దాసుకుంటున్నది మామా."

"కోపమేనా?"

"మస్తు కోపం. నా మొకం గూడ సూస్తలేదు."

"మరి నిన్న పగటీలి కూసిందేంది?"

"కన్నయ్య కోడి యాదికొచ్చినట్టున్నది మామా. తెల్లారేదాంక ఆగలేకపోయింది."

మామ ఆ మాటకు తలుపు చెక్కకు దండం పెట్టాడని అత్త తరువాత చెప్పింది.

కమల మాత్రం తలుపు సందులోంచి లోపలికి చూసింది.

"బావా, అది కోడా, జపం చేసే సాధువా?"

"నిమ్మళంగ ఉన్నది, గంతే."

"ఓడితే నిన్ను ఎల్లగొడ్తరు, తెల్సు గదా?"

"గెలుస్తది."

"ముందు లేసి నడిస్తె సాలు."

సంతరోజు నేను సైకిలు తొక్కాను. వెనక మామ, మామ ఒడిలో పుంజు. రాళ్ళ బాటలో సైకిలు ఎగిరెగిరి పడుతున్నా అది కళ్ళు తెరవలేదు. "సూడరా అల్లుడా," అన్నాడు మామ దాని వీపు నిమురుతూ, "కొట్లాటకు పోతూ నిద్రపోతున్నది. గిదీ ధైర్యమంటె!" నేను పెడలు మీద దృష్టి పెట్టాను.

బరి చుట్టూ వెదురు దడి, దడి చుట్టూ జనం. గోండిలో ఒకరు, హల్బీలో ఒకరు, తెలుగులో ఒకరు, అందరికీ అర్థం కావాలని హిందీలో ఇంకొకరు అరుస్తున్నారు. పుంజుల కాళ్ళకు కత్తులు కట్టారు. తెల్ల మీసాల బరిపెద్ద నియమం చెప్పాడు. చచ్చినా ఓటమే, దడి దాటి పోయినా ఓటమే. కన్నయ్య తన తెల్లపుంజును వదిలాడు. మామ కాకిడేగను ముద్దు పెట్టుకుని వదిలాడు.

కాకిడేగ రెండడుగులు వేసింది. ఒకసారి తన చుట్టూ తాను తిరిగింది. గుడ్ల మీద పెట్ట పొదిగినట్టు మెత్తగా కూర్చుంది.

"అరే, సో గయా క్యా?" అని, నిద్రపోయిందేమోనని వెనక నుంచి ఎవరో హిందీలో అరిచారు.

"ముత్తయ్యా, గుడ్డు పెడ్తదేమో, గంప తెప్పియ్యాల్నా?" అన్నాడు కన్నయ్య. జనం విరగబడి నవ్వారు. మామ ముఖం వానలో తడిసిన పిడకలా అయింది. ఆవపల్లి నుంచి తర్లగూడకు ఎన్ని గంటల దారో నేను మనసులో కొలుచుకోవడం మొదలుపెట్టాను.

తెల్లపుంజు మెడ ఈకలు గొడుగులా విప్పి దూసుకొచ్చింది. వచ్చి ఆగింది. కోళ్ళ కొట్లాటకు ఒక పద్ధతి ఉంటుంది. అవతలిది కూడా ఈకలు విప్పాలి, కళ్ళల్లో కళ్ళు పెట్టి చూడాలి, అప్పుడు ఎగరాలి. ఇక్కడ అవతలిది కునుకు తీస్తోంది. తెల్లపుంజు ఎగిరింది. అలవాటు కొద్దీ మనిషెత్తు ఎగిరి, కూర్చున్న కాకిడేగ మీదుగా పోయి అవతల పడింది. లేచి మూడుసార్లు చుట్టూ తిరిగింది. అప్పుడు కాకిడేగ ఒక కన్ను తెరిచి, ఎంతో జాలిగా, కష్టాల్లో ఉన్న చుట్టాన్ని చూసినట్టు దాన్ని చూసి మళ్ళీ మూసుకుంది.

ఆ చూపుకు తెల్లపుంజు ఈకలు వాలిపోయాయి. దానికి ఏం తోచిందో, వెనక్కి వెనక్కి నడిచి, దడి సందులోంచి దూరి, ఒక ముసలమ్మ బియ్యం గంప దగ్గరికి పోయి తినడం మొదలుపెట్టింది.

బరిపెద్ద చేయి ఎత్తాడు. "కన్నయ్య కోడి దడి దాటింది. ముత్తయ్య గెలిచిండు."

"గదెట్ల?" కన్నయ్య గంతులేశాడు. "వాని కోడి పండుకున్నది!"

"పండుకునుడు పారిపోవుడు గాదు. బరిలనే ఉన్నది గదా?"

మామ పుంజును భుజం మీదికి ఎత్తుకున్నాడు. దానికి ఏం మేపావని అందరూ ముసురుకుంటే, నన్ను ముందుకు లాగాడు. "గీన్ని అడుగుండ్రి. నా అల్లుడు. పది దినాలు తలుపేసుకుని, కోడికి కోపం దాసుకునే ఇద్దె నేర్పిండు!" నేను ఆ విద్యకు గురువునన్నట్టు వినయంగా తల వంచుకున్నాను. వినయం ముఖాన్ని దాచడానికి బాగా పనికొస్తుంది.

ఇంటికొచ్చి తెల్లపుంజు కూర తింటూ మామ అన్నాడు. "అల్లుడా, వచ్చే నెల నీకు పిల్లనిద్దామనుకున్న."

"అట్లనే మామా."

"ఇయ్య."

నా గొంతులో ఎముక అడ్డం పడింది.

"ఇప్పుడిస్తె నువ్వు పిల్లను తీస్కొని తర్లగూడ పోతవ్. నా కోడిని ఎవడు సూస్తడు? ఇంకొక్క ఏడాది ఉండి, నాలుగు కోళ్ళకు గా ఇద్దె నేర్పి పో."

కమల గరిటె పట్టుకుని నా వంకే చూస్తోంది. మర్నాడు పొద్దున్నే ధైర్యం తెచ్చుకుని, మామ కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇద్దె లేదు, గిద్దె లేదు. కోడి అయిదు రోజులు గంజాయి ఆకు తిన్నది. నేనే పెట్టాను. సాక్ష్యం చూపిస్తానని గది తలుపు తెరిచాను. వాసాలకు తాడు తప్ప ఏమీ లేదు.

"గా ఎండిన కొమ్మలా? నిన్న మీరు సంతకు పోంగనే పొయ్యిల పెట్టిన," అంది కమల. "పోలీసోళ్ళు..." అని ఏదో అనబోయి మామను చూసి ఆగిపోయింది.

"బిడ్డా, వీడు కోడికి గంజాయి పెట్టిండంటున్నడు. నిజమేనా?"

కమల క్షణం ఆలోచించింది. అవునంటే ఆ మధ్యాహ్నానికే నేను తర్లగూడ బాట పట్టాలి.

"నాకేం తెల్వదు నాయినా. మోకాళ్ళ నొప్పికి మందాకని చెప్పిండు."

మామ కడుపు పట్టుకుని నవ్వాడు. తరువాత నవ్వు ఆపి నా వంక కఠినంగా చూశాడు. "గంజాయి తిన్న కోడి గెలుస్తదారా? పెండ్లి తొందరల గింత పెద్ద అబద్ధమా? పెద్దమనిషి ముంగట అబద్ధమాడినందుకు ఇంకో ఆర్నెల్లు."

అలా ఏడాదిన్నర ఎక్కువ చాకిరీ చేశాకే పెళ్ళయింది. ఆ కాలంలో కాకిడేగ మళ్ళీ ఒక్క ఆకు ముట్టకపోయినా, ఏ బరిలో వదిలినా కూర్చునేది. ఆ తరువాత అది గెలవనూ లేదు, ఓడనూ లేదు. దాని మీద జాలిపడి బరిపెద్దలు పందేలు రద్దు చేసేవారు. మామ దాన్ని గౌరవంగా ముసలితనం దాకా మేపాడు, నా చేతనే.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. కమలకు నలభై ఎనిమిది. ఆమె నట్టింట, ఆమె సమక్షంలో, కుడిచేయి గుండె మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. నేరమైన మొక్కను నాటను, కోయను, ఆరబెట్టను, కత్తెర పట్టను. పుంజుకు నూకలు తప్ప ఏదీ పెట్టను. ఇక అన్నిటికంటే ముఖ్యంగా, పిల్లనిచ్చే మామ ముందు కూర్చుని నిజం చెప్పే పాపం ఈ జన్మలో మళ్ళీ చేయను.