దిష్టా, నజరా?

నా చిన్నప్పుడు నాకు కాస్త నలతగా ఉంటే చాలు, మా ఇంట్లో తగువు మొదలయ్యేది. అమ్మది కడపలో ముస్లింల ఇల్లు. నాన్నది జగిత్యాలలో హిందువుల ఇల్లు. మస్కట్‌లో ఒకే కంపెనీలో డ్యూటీ చేస్తూ పెళ్ళి చేసుకుని, అక్కడే అజైబా అనే పేటలో కాపురం పెట్టారు. నాకు జ్వరమొస్తే అమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని నజర్ తీస్తాననేది. నాన్న అవే మిరపకాయలు లాక్కుని, దిష్టి అంటేనే పోతుందనేవాడు. తిప్పడం ఒక్కలాగే, మాట దగ్గరే పట్టు. మధ్యలో కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరి మాట అంటే రెండోవాళ్ళు నాకు కాకుండా పోతారేమోనని భయం కూడా.

పక్కింటి అక్క మా బళ్ళో బొమ్మలు వేయడం నేర్పేది. వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ మనిషి. వాళ్ళమ్మ వైపు పెద్దలు చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్ళిన ఇండియా వాళ్ళు, నాన్న వైపు ఆఫ్రికా వాళ్ళు. మా నాన్న కనబడ్డప్పుడల్లా, "ఎస్టిండీస్ అంటే మీ ఇంట్ల అందరు క్రికెట్ ఆడుతరా మేడమ్?" అని అడిగేవాడు. ఆవిడ పళ్ళు బిగించి నవ్వేది. ఇంతకీ నువ్వు ఇండియనా, ఆఫ్రికనా అని ఎవరైనా అడిగిన రోజు మాత్రం ఇంటికొచ్చి తలుపు దబాలున వేసుకునేది. ఆ చప్పుడు నాకెంతో నచ్చేది.

ఒకసారి బడి హాల్లో ఆవిడ ప్రదర్శన ఇచ్చింది. పాటా లేదు, కథా లేదు. జబ్బుపడ్డ పిల్లలకు వాళ్ళ అమ్మమ్మ ఏం చేసేదో అదే వేదిక మీద చేసి చూపిస్తుందట. సాంబ్రాణి వేసుకునే మట్టి కుంపటిలో నిప్పులు పోసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. గుప్పిట్లో ఉప్పూ మిరపకాయలూ నా తల చుట్టూ తిప్పుతూ "మల్జో" అంది. చెడుచూపుకి వాళ్ళ ఊరి మాట అది. తర్వాత వంగి, మీ ఇంట్లో ఏమంటారో గట్టిగా చెప్పమంది.

ముందు వరసలో అమ్మా నాన్నా కూర్చున్నారు. ఆమె పెదవుల మీద నజర్, ఆయన పెదవుల మీద దిష్టి. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఏది చెప్పి చావాలని అక్కనే అడిగాను.

"నన్నూ ఒకటే చెప్పమంటారు. నేను చెప్పను," అంది ఇంగ్లీషులో మెల్లగా. "నువ్వూ చెప్పకు."

దిష్టి, నజర్, మల్జో, మూడూ గొంతు చించుకుని అరిచాను. అక్క మిరపకాయలు నిప్పుల్లో వేసింది. హాలంతా ఒకటే దగ్గు. ఘాటు వస్తే దిష్టి లేనట్టేనని మా ఇంట్లో ఇద్దరి నమ్మకమూ. నాన్న దగ్గు ఆపుకోలేక అమ్మ కొంగే ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ లాక్కోలేదు.

ఆ తర్వాత తగువులు ఆగాయా అంటే, ఎక్కడ! నా జుట్టు నెరిసినా, ఇంతకీ మీరసలు ఎటువైపు వాళ్ళు అని అడిగేవాళ్ళు తగ్గలేదు. ఇప్పటికీ చిర్రెత్తుకొస్తుంది, నేనూ తలుపు దబాలున వేసుకుంటాను. కానీ మిరపకాయలు పట్టుకుంటే మాత్రం మూడు మాటలూ అంటాను. మొన్న బళ్ళో అదే ప్రశ్న ఎవరో అడిగారని మనవరాలు ఏడుస్తూ వచ్చింది. కూర్చోబెట్టి తిప్పాను. మిరపకాయలు నిప్పుల్లో వేయబోతుంటే అది నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాళ్ళ నాన్న మలయాళీ, దిష్టికి వాళ్ళ మాట వేరు.

"కణ్ణేర్ కూడా అను, అమ్మమ్మా," అంది.