ఆషాఢం పోయాక అంటించిన స్టాంపులు

మొన్న మా రాయచోటి బస్టాండు దగ్గర టీ అంగడిలో పేపరు తిరగేస్తుంటే, లోపలి పేజీలో ఒక మూల చిన్న వార్త కనపడింది. ఏదో దేశంలో జైల్లో ఉన్నవాళ్లు, తమను కొట్టారనో తిండి సరిగా పెట్టలేదనో కోర్టుకు పోవాలంటే ముందు దాఖలు ఫీజు కట్టాలట, చేతిలో లేకపోతే జైల్లో పనిచేసి సంపాదించుకున్న కూలిలోంచి నెలనెలా కోసుకుంటారట. దెబ్బలు తిన్నవాడే ఫీజు కూడా కట్టాలా అని నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే కువైట్ గుర్తొచ్చింది, మామ గుర్తొచ్చాడు, ఎదురుగా టీ చల్లారిపోయింది.

నా ఈడువాళ్లలో అక్కడ కొన్నేళ్లు గడిపినవాళ్లకు కోర్టు చుట్టుపక్కల సందుల్లోని టైపింగ్ దుకాణాలు జ్ఞాపకం ఉండే ఉంటాయి. అలాంటి ఒక దుకాణంలో ఈజిప్టు యజమాని దగ్గర నేను పనిచేసేవాణ్ణి. చిన్నప్పుడు మదరసాలో బెత్తం దెబ్బలతో వచ్చిన అరబ్బీ అక్షరాలే నాకక్కడ కూడు పెట్టాయి. ఆయన టకటకా అర్జీ కొడితే, నేను దాని మీద ఫీజు స్టాంపులు అంటించి, కోర్టు కిటికీలో ఇచ్చి, ముద్ర వేసిన నకలు తెచ్చేవాణ్ణి. స్టాంపులను నాలుకతో తడిపీ తడిపీ సాయంత్రానికి అన్నం రుచి తెలిసేది కాదు. అయినా ఆ పనంటే నాకు గర్వంగానే ఉండేది, రిగ్గైలోని మా గదిలో కోర్టు సంగతి ఎవరికి కావాలన్నా నన్నే అడిగేవాళ్లు మరి.

మామ మా వీధివాడే. మా ఇళ్లలో పండుగలు వేరైనా వరసలు ఒకటే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆయన నాకు మామ, ఆయన భార్య అత్త. మామ ఫహాహీల్‌లో దర్జీ, అరబ్బులు తొడిగే పొడుగు అంగీలు, దిష్‌దాషాలు, ఇస్త్రీ మడత చెదరకుండా కుట్టేవాడు. అత్త ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. అంగట్లో గుడ్డ తాను ఒకటి కనపడకపోయేసరికి, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ మామకు దొంగతనం అంటగట్టాడు. స్టేషన్లో ఒప్పుకోమని కొట్టినప్పుడు మామ కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి, తర్వాత వంకరగా అతుక్కున్నాయి. సూది పట్టలేని దర్జీని జైల్లో పెట్టారు.

వారానికోసారి చూడటానికి పోయేవాణ్ణి. ఊరికి పంపించమని గానీ, డబ్బు ఇప్పించమని గానీ ఆయన ఒక్కసారీ అడగలేదు. కమ్మీల అవతలి నుంచి ఆ చెయ్యెత్తి చూపించి, "జడ్జి అనేటోడు నా చెయ్యి చూడల్లప్పా. అంతే. ఇంకేం వద్దు నాకు," అనేవాడు.

మా ఈజిప్టు ఆయన మంచివాడే, స్టేషన్లో చెయ్యి విరగ్గొట్టారని అర్జీ ఊరికే కొట్టిపెడతానన్నాడు. చిక్కంతా ఫీజు దగ్గర వచ్చింది. పేదవాడికి ఫీజు మాఫీ ఉందిగానీ దానికి జీతం కాగితం కావాలట, దాని మీద కఫీల్ సంతకం ఉండాలట. జైల్లో పెట్టించినవాడి దగ్గరికి పోయి సంతకం అడగాలన్నమాట. ఈ మాట చెప్తే మామ పడీపడీ నవ్వాడు. గదిలో తలా కొంత వేసుకుంటామంటే ఒప్పుకోలేదు, తన కేసుకు తన ఇంటి డబ్బే పడాలన్నాడు. అత్త తన జీతంలోంచి ఫీజు పంపించింది, పంపిస్తూ నాకొక మాట కూడా చెప్పించింది. "ఆషాఢం పోనీ నాయనా. మంచి పని ఈ నెల్లో మొదులుపెట్టగూడదు. శ్రావణంలో ఒక బుధవారం చూసి వెయ్యి."

ఆషాఢం అప్పుడే మొదలైంది. నాకు ఆషాఢమేమిటి, శ్రావణమేమిటి? వెంటనే వేస్తే ఆ నెలలోనే వాయిదాకు వస్తుందని కూడా నాకు తెలుసు. అయినా అత్త మాట తీసెయ్యలేకపోయాను. పరాయి దేశంలో ఆమె పట్టుకున్న ధైర్యం అదొక్కటే అనిపించింది. అర్జీ నెల రోజులు నా పెట్టెలో బట్టల కింద పడి ఉంది. శ్రావణంలో మొదటి బుధవారం ఆకుపచ్చ స్టాంపులు వరసగా అంటించి, చేత్తో అదిమి, బిస్మిల్లా అనుకుని కిటికీలో ఇచ్చాను. రెండు వారాలకు వాయిదా వేశారు.

ఆ తర్వాతి వారం, గురువారం తెల్లవారేసరికి ఇరాక్ ట్యాంకులు ఊళ్లో ఉన్నాయి.

రెండు మూడు రోజులకు జైలు తలుపులు తెరుచుకున్నాయి. మామ ఎండలో నడుచుకుంటూ మా గదికి వచ్చాడు. మంచినీళ్లు తాగి ఆయన అడిగిన మొదటి మాట, వాయిదా ఎప్పుడని. వాయిదా నాడు ఎంత చెప్పినా వినక నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. కోర్టు ముందు తుపాకీతో ఉన్న సిపాయికి ముద్ర పడిన నకలు చూపించాడు. సిపాయి దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి, యల్లా, పొమ్మన్నాడు. మామ నకలు మడిచి బనియన్ లోపల పెట్టుకుని వెనక్కి నడిచాడు. నాకు ఏడుపొచ్చింది. నెల ముందే వేసి ఉంటే అని అప్పటి నుంచి ఎన్నిసార్లు అనుకున్నానో!

యజమానులు వేసవికి పరదేశం పోయి ఉండటంతో అత్త కూడా మాతో చేరింది. బస్రా, బాగ్దాద్, జోర్డాన్ ఎడారి గుడారాలు, అక్కడి నుంచి విమానం. ఆ కష్టాలు మీకందరికీ తెలిసినవే. నకలు మాత్రం మామ బనియన్ లోపలే ఉంది.

కొన్నేళ్లకు యుద్ధంలో నష్టపోయినవాళ్లకు పరిహారం ఇస్తామని ఫారాలు వచ్చాయి. వాటికి ఫీజు లేదు, స్టాంపు లేదు. వీధిలోవాళ్లందరికీ నేనే రాసిపెట్టాను. మామ ఫారం దగ్గర, చెయ్యి ఇరాక్ సిపాయిలు విరగ్గొట్టారని రాస్తే సరిపోతుంది, ఎవరడుగుతారు అన్నాను. ఆయన నా చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు.

"కొట్టింది వాళ్లు గాదు గదప్పా. నేనట్ల రాస్తే, కొట్టినోడు ఏం చెయ్యనట్లే అయిపోతాది."

పోయిన జీతం ఒక్కటే రాయించాడు. తర్వాత అత్త మిషను నేర్చుకుంది. ఆయన పక్కన కూర్చుని ఎడంచేత్తో కొలతలు తీసేవాడు, ఆమె కుట్టేది. కుట్టు వంకరపోతే ఊరుకునేవాడు కాదు, ఆమె కూడా మాట పడేది కాదు.

పోయినేడు మామ పోయాడు. నువ్వు అంటించిన కాగితం నువ్వే పెట్టుకో నాయనా అని అత్త ఆ నకలు నాకిచ్చింది. ఆషాఢం మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పుడు మా వీధి పిల్లలు కువైట్ నుంచి ఫోన్ చేసి, అర్జీలు, ఫీజులు అన్నీ ఫోన్లోనే అయిపోతున్నాయి తాతా అంటారు. నాలుక తడిపే పని లేదు, కిటికీ దగ్గర నిలబడే పని లేదు. మంచిదే. ఆ సౌకర్యం ఉన్నా అత్త ఆషాఢం దాటనిమ్మనే చెప్పేదేమో, నేను సరేననేవాణ్ణేమో.

టీ అంగడి నుంచి ఇంటికొచ్చి పెట్టె తెరిచి చూశాను. కాగితం మడతల దగ్గర చిరిగింది, అక్షరాలు వెలిసిపోయాయి. స్టాంపులు మాత్రం ఒక్కటీ ఊడలేదు. ఫీజు పూర్తిగా కట్టాం. చెయ్యి మాత్రం ఏ జడ్జీ చూడలేదు.