పూరకం, రేచకం, ఆమేన్

డెబ్బైల్లో మా పటమట చర్చిలో పాట ఎత్తుకోవాలంటే అమ్మే. హార్మోనియం వాయించే ఆయన కూడా అమ్మ నోరు తెరిచేదాకా ఆగేవాడు. అలాంటి మనిషికి ఉబ్బసం పట్టుకుంది. రెండో చరణానికి వచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. పైకి ఏమీ అనేది కాదుగానీ, ఆదివారాలు వెనక వరసలోకి జరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. అది చూస్తే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. ఈస్టరుకైనా పాడగలనా అన్నదే ఆమె బెంగ.

మందులిచ్చే డాక్టరుగారే, గవర్నర్‌పేటలో ప్రాణాయామం నేర్పుతున్నారు, వెళ్లి చూడమన్నారు. నాన్న మొహం గంటు పెట్టుకున్నాడు. ఆయన సంఘ పెద్ద. ఆ సంస్కృతం మాటలు మన ఇంటికెందుకని ఆయన వాదన. నాకేమో సరిగ్గా ఆ మాటల మీదే మనసు పోయింది. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఏ కొత్త మాట దొరికినా దాని లోపల ఏముందో గిల్లి చూస్తేగానీ నిద్రపట్టేది కాదు. అమ్మకు తోడంటూ సిటీ బస్సెక్కాను.

ఒక లాడ్జి మేడ మీద చాపలు పరిచి, రిటైరైన డ్రిల్లు మాస్టారు ఆడవాళ్లకు నేర్పేవారు. ఊపిరి నింపుకోవడం పూరకం, దాన్ని కుండలో నీళ్లలా పట్టి ఉంచడం కుంభకం, ఖాళీ చెయ్యడం రేచకం. అంత పెద్ద మాట లోపల మా వంటింటి కుండ ఉందని తెలిసి నాకు ముచ్చటేసింది. ఇక ప్రాణం, ఆత్మ, ధ్యానం మా ప్రార్థనల్లో రోజూ వినేవే. ఇవి వాళ్ల మాటలెప్పుడయ్యాయి, మనవెప్పుడయ్యాయి అని అడిగితే నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

అమ్మను మాస్టారు కుంభకం దగ్గరకు రానివ్వలేదు. "మీకు పట్టి ఉంచడం వద్దమ్మా. మెల్లగా వదలడం నేర్చుకోండి, చాలు," అన్నారు. అప్పుడు తట్టింది నాకు, పాటంటే మొత్తం రేచకమే కదా అని.

చివర్లో అందరూ కళ్లు మూసుకుని శాంతి మంత్రం చెప్పేవారు. అమ్మ పెదవి కదిపేది కాదు. ఒకరోజు మంత్రం ముగియగానే అలవాటు కొద్దీ గట్టిగా "ఆమేన్" అనేసింది. చాపల మీదున్న వాళ్లంతా కళ్లు తెరిచి ఇటు తిరిగారు. నాకు నవ్వాగలేదు. మాస్టారు మాత్రం కళ్లు తెరవకుండానే, "ఊపిరి బాగా వదిలారమ్మా," అన్నారు.

ఆ కబురు మాకన్నా ముందే పటమట చేరింది. రెండు రోజులకు పాస్టరుగారు ఇంటికొచ్చారు. అమ్మచేత ఈస్టరు పాట ఎత్తించకూడదని కొందరు పెద్దలు పట్టుబడుతున్నారట. నాన్న తల దించుకుని కూర్చున్నాడు. ఇంతకీ అక్కడ ఏం చేస్తారని పాస్టరుగారు అడిగితే, అమ్మ ఏదీ దాచకుండా ఆమేన్ సంగతితో సహా చెప్పేసింది. ఆయన కాసేపు మూతి బిగించుకున్నారు. తర్వాత ఆపుకోలేక కుర్చీ ఊగేలా నవ్వారు. కాఫీ తాగి వెళ్తూ, "మీరే ఎత్తండమ్మా. వాళ్లకు నేను చెప్పుకుంటాలెండి," అన్నారు.

ఈస్టరు తెల్లవారుజామున అమ్మ మళ్లీ ముందు వరసలో నిలబడింది. మొదటి చరణం దాటింది. రెండోదాని చివర, ఎప్పుడూ ఊపిరందని ఆ పొడుగాటి రాగం దగ్గర నాకు భయమేసి చూపు తిప్పుకుని, మగవాళ్ల వైపు చూశాను. నాన్న రెండు పిడికిళ్లూ బిగించి, ఛాతీ నిండా గాలి పట్టి, రెప్పవెయ్యకుండా అమ్మనే చూస్తున్నాడు. రాగం సన్నగా సాగి సాగి, తెగకుండా కిందికి దిగింది. అప్పుడుగానీ ఆయన ఊపిరి వదల్లేదు.

అమ్మకు వద్దన్న కుంభకం నాన్న పట్టాడు.